వరదానం ఏడవలేదు

ఆ ఆదివారం వరదానం ఏడవలేదు. ఏడ్చాడని చర్చిలో ఉన్నవాళ్లందరూ అన్నారు, కళ్లారా చూశామన్నారు. చూసిన మాట నిజమే. అతని రెండు కళ్లనుంచీ నీళ్లు బొటబొటా కారి చొక్కా కాలరు తడిసిపోయింది. అయినా అతను ఏడవలేదు. ఆ తేడా ఒక్కరికీ పట్టలేదు.

వరదానం అరవై దాటిన మనిషి. నర్సీపట్నం అయిదురోడ్ల కూడలి దగ్గర మన్మథరావు గారి బేకరీలో రొట్టెల బట్టీ అతని చేతి కింద నడిచేది. పొద్దుగుంకాక పుల్లలు పెట్టి బట్టీ కాల్చడం, నిప్పులు పక్కకు లాగడం, పొడుగు కర్ర పారతో రొట్టెలు లోపలికి తొయ్యడం, ఎర్రబడ్డాయో లేదో వంగి చూడడం. మీసం రాని వయసు నుంచీ ఇదే పని. బట్టీ నోట్లోకి తొంగి చూసి చూసి అతని ముఖం కూడా రొట్టె పైభాగంలా గోధుమరంగుకు తిరిగింది. మాట తక్కువ. ఒకసారి అన్న మాట రెండోసారి అనేవాడు కాదు, అవతలివాడికి వినబడకపోతే అది అవతలివాడి ఖర్మ.

కిందటేడు అతను అన్న ఒక మాట మాత్రం అందరికీ వినబడింది. ఆ మాట "వద్దు".

సంగతేమంటే, మిషను చర్చి పక్కన సమాధుల తోట ఉంది. దొరల కాలం నాటిది. రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఆ రోడ్డు మీద ఎటు చూసినా దుకాణాలు లేచాయి. చర్చి కమిటీ సెక్రటరీ శ్యాంబాబుకి ఒక ఆలోచన వచ్చింది. రోడ్డు వైపున్న మూడు వరసల సమాధులు తవ్వి, ఉన్న ఎముకలేవో మర్యాదగా కృష్ణదేవిపేట రోడ్డులో కొన్న కొత్త స్థలానికి మార్చి, ఇక్కడ దుకాణాలు కట్టి అద్దెకిస్తే చర్చికి ఎవరి ముందూ చెయ్యి చాచే అవసరముండదు. అయితే పాతకాలపు కట్టుబాటు ఒకటుంది. సమాధి ఉన్న ఏ ఒక్క ఇల్లు కాదన్నా అక్కడి మన్ను కదపకూడదు. అందరూ ఒప్పుకున్నారని కమిటీ చెప్పింది. ఒప్పుకోనిది వరదానం ఒక్కడే. ఆ మూడు వరసల్లో అతని భార్య కరుణకుమారి ఉంది. ఆమె శ్యాంబాబుకి సొంత అక్క.

"తోడబుట్టినోడిని నాకే లేని బాధ నీకేటి బావా?" అని శ్యాంబాబు అడిగితే, "వద్దు" అన్నాడు వరదానం. ఎందుకు వద్దో చెప్పలేదు. సంఘం పనికి అడ్డుపడుతున్నాడని ఏడాదిగా అతన్ని ప్రభువు బల్లకు, రొట్టే ద్రాక్షరసమూ పంచే చోటికి, దూరంగా ఉంచారు. అతను ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. బల్ల దగ్గరికి అందరూ వెళ్తుంటే బెంచీలో ఒక్కడూ చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

ఆ చర్చిలో ఒక పద్ధతి కూడా ఉంది. అలా దూరం పెట్టినవాడు ఎప్పుడో ఒకనాడు ఆరాధనలో కన్నీళ్లు పెట్టుకుంటే, పెద్దల్లో ఒకరు లేచి వెళ్లి కుడిచెయ్యి ఇస్తారు. అంతటితో తగువు తీరిపోయినట్టు. వాడు పట్టుదల వదులుకున్నట్టు. నోరు తెరిచి ఏమీ చెప్పనక్కర్లేదు. నోరు అబద్ధమాడుతుంది గానీ కన్ను ఆడదని వాళ్ల నమ్మకం. పొలం గట్ల తగువులు, అన్నదమ్ముల పంపకాలు ఎన్నో అలాగే చల్లబడ్డాయి. దాన్ని తప్పుపట్టడానికి లేదు.

ఆ ఆదివారం ఎండ దంచేస్తోంది. చర్చికి ఎవరో కొత్తగా నిలువు ఫేను ఇచ్చారు. దాని తల సరిగ్గా వరదానం బెంచీ వైపు బిగుసుకుపోయింది. రాత్రంతా బట్టీ దగ్గర నిలబడి వచ్చిన కళ్లు. ముందే రెప్పల కింద ఇసుక పోసినట్టుంది. పాస్టరు ప్రభుకుమార్ అయ్యగారి ప్రసంగం సాగుతున్నకొద్దీ ఆ ఇసుక నిప్పయింది. నిప్పు మీద నీళ్లు పొంగాయి. అయ్యగారు ప్రసంగం ఆపి, "దేవుడు మన మధ్య పని చేస్తున్నాడు" అన్నారు గద్గదంగా. ఆడవాళ్ల వైపు నుంచి "స్తోత్రం" అని వినబడింది. శ్యాంబాబు లేచి వచ్చి చెయ్యి చాచాడు. ఏడాదిగా పలకరింపు లేని బావమరిది చెయ్యిస్తే, అందుకోకపోతే మర్యాద కాదని వరదానం పట్టుకున్నాడు. కళ్ల మంటలో అతనికి అవతలి ముఖమే సరిగా కనబడలేదు, పద్ధతి ఎక్కడ గుర్తుకొస్తుంది?

ఆరాధన అయ్యాక చెప్పులు విడిచేచోట శ్యాంబాబు అతని భుజం మీద చెయ్యేశాడు.

"బావా, ఈరోజు నాకు కడుపు నిండిపోయిందంటే నమ్ము. ఇన్నాళ్లకి దిగొచ్చావు."

"ఎక్కడికి దిగొచ్చాను?"

"అదే, సమాధుల సంగతి. ఒప్పుకున్నావు గదా."

"ఎవులొప్పుకున్నారు?"

"మరి ఆ ఏడుపేటి?"

"నాను ఏడవనేదు. కళ్లు మండినాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వెక్కిరింతగా నవ్వి ఉంటే వరదానం సహించేవాడు. చంటిపిల్లాణ్ణి చూసి నవ్వినట్టు ముద్దుగా నవ్వారు. ఒంటికి కారం రాసినట్టయింది.

"సిగ్గెందుకు మావా," అంది ఒకావిడ. "మగోడు ఏడిస్తే పరువు పోద్దేటి? దేవుడి ముందు అందరం ఏడిసేవోలమే."

"కళ్లు మండినాయన్నాను."

"పాపం కాలేటప్పుడు మండదేటి మరి!" అన్నాడు శ్యాంబాబు. మళ్లీ నవ్వులు. "వచ్చే నెల మొదటి ఆదివారం సంఘ కూడిక పెడతన్నాం. అందరి ముందూ ఖాయం చేసీసుకుందాం. బేగి పనైపోద్ది."

వరదానం చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు. దారి పొడవునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడుచుకుంటున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఎదురొచ్చినవాళ్లందరికీ అది ఇంకో సాక్ష్యం.

పక్కింటి బుల్లమ్మ పూలు కట్టి అమ్ముతుంది. అతని కళ్లు చూసి మూర కొలుస్తున్న చెయ్యి ఆపింది.

"ఏటన్నయ్యా, ఉల్లిపాయలు గానీ తరిగినావేటి?"

"నేదు."

"మరి ఏడిసినావా?"

"నీ యమ్మ కడుపు కాల! ఎవుడూ ఏడవనేదు!"

బుల్లమ్మ ఏమీ అనుకోలేదు. ఆ రాత్రికి నందివర్ధనం పూలు తడిపి అతని రెప్పల మీద పెట్టింది. చల్లగా హాయిగా ఉంది, తీశాక మళ్లీ మంటే. మర్నాడు ఆముదం చుక్క వేసింది. లోకమంతా మసకబారింది గానీ మంట పోలేదు. అంతకు ముందు కొన్ని నెలలుగా అతను మందుల షాపులో అడిగి ఎర్రకళ్ల చుక్కలు తెచ్చుకుని వేసుకుంటున్నాడు. వేసిన పూటకు కన్ను తెల్లబడేది, మర్నాటికి చింతనిప్పయ్యేది. బుల్లమ్మ మూడో వైద్యంగా తేనె పట్టుకొస్తుంటే వరదానం కూతురు ఎస్తర్ రాణి వచ్చి చూసింది. రెండు వీధుల అవతల కాపురం, అంగన్‌వాడీలో టీచరు.

"అత్తా, ఆ తేనె నువ్వు తినీ," అంది. "నాన్నా, రేపు ఎలమంచిలి ఎల్దాం. కళ్ల డాక్టరమ్మ ఉంది."

"ముసిలితనం. డాక్టరేటి చేస్తాది?"

"ముసిలితనమో ఏటో ఆవిడ సెప్తాది. ఊరుకుంటే నువ్వు ఏడిసినావనే ఊరంతా ఖాయం చేసీస్తాది. అది నీకు ఇష్టమేటి?"

ఆ ఒక్క మాటకు వరదానం లేచి చొక్కా వెతుక్కున్నాడు.

ఎలమంచిలి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. గాలికి కళ్లు మళ్లీ ధారకట్టాయి. టికెట్టు కొట్టే కండక్టరు గొంతు తగ్గించి, "ఎవులు పోయారు పెద్దాయనా?" అని అడిగాడు. ఎస్తర్ రాణి కొంగు నోట్లో కుక్కుకుంది. వరదానం కండక్టర్ని చూసిన చూపుకు చిల్లర కూడా సరిగ్గా తిరిగొచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. అతని కంట్లో పసుపురంగు చుక్క వేసి, నీలం దీపం పెట్టి, గడ్డం ఆనించుకోమంది.

"రెప్ప వేయకుండా చూడండి పెద్దాయనా. ఆ... ఇంకా... అయ్యో, వేసేశారు."

"మండిపోతందమ్మా."

"అదే చూస్తున్నాను. కంటిమీద తడి పరుచుకున్న మరుక్షణమే ముక్కలై ఆరిపోతోంది. మీ కళ్లు ఎండిపోయాయి."

వరదానం కూతురు వైపు చూశాడు. డాక్టరు కూడా ఎకసెక్కానికే దిగిందా అన్నట్టుంది ఆ చూపు.

"చొక్కా తడిసిపోయేలాగ నీళ్లు కారతంటే ఎండిపోనాయంటారేటమ్మా?"

"కంట్లో ఉండాల్సిన తడి వేరు, చెంప మీద కారేది వేరు," అంది డాక్టరమ్మ. "రెప్పల అంచుల్లో సన్నటి గ్రంథులుంటాయి. వాటిలోంచి కాస్త నూనె వస్తుంది. అది తడిమీద పొరలా పరుచుకుని గాలికి ఆరిపోకుండా కాస్తుంది. మీకు ఆ నూనె లోపలే గడ్డకట్టింది. వయసొకటి, ఏళ్ల తరబడి ఆ బట్టీ వేడి ఒకటి. పొర లేదు కాబట్టి తడి ఆరిపోతుంది, ఆరినచోట మండుతుంది. మండగానే కన్ను గాభరాపడి ఒక్కసారిగా నీళ్లు వదిలేస్తుంది. ఆ నీళ్లలో సారం ఉండదు, కంటిని అంటుకోవు. జారిపోతాయి. మళ్లీ ఎండే."

 వరదానం రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించాడు.

"కలిపిన పిండిముద్ద మీద నూని రాయకుండా గాలికి ఒగ్గీస్తే పెచ్చు కట్టీద్ది. అప్పుడెన్ని నీళ్లు సల్లినా పక్కకి జారిపోతాయి. పెచ్చు పెచ్చుగానే ఉంటాది. అలగేనా?"

డాక్టరమ్మ నవ్వింది. "సరిగ్గా అలాగే."

"అయితే ఇది ఏడుపు కాదు."

"ఏడుపెందుకవుతుంది?"

"ఆ మాట ఇంకోపాలి సెప్పండమ్మా. మా పిల్ల ఇనాల."

డాక్టరమ్మ ఇంకోసారి చెప్పింది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదనీ, రోజూ పళ్లు తోముకున్నట్టు దీన్నీ చూసుకుంటూ అదుపులో పెట్టుకోవాలనీ చెప్పింది. పొద్దునా రాత్రీ గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకోవాలి. లోపలి నూనె కరిగాక వేలితో నెమ్మదిగా, పై రెప్పను కిందికీ కింది రెప్పను పైకీ నిమరాలి. కన్నీటిలాంటి చుక్కల మందు పూటపూటా వేసుకోవాలి. ఎర్రకళ్ల చుక్కలు పారెయ్యాలి. ఫేను గాలి ముఖానికి తగలకూడదు. బట్టీ దగ్గర కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఎర్రటి నిప్పు వైపు గుడ్లప్పగించి చూడకుండా నిండా రెప్పలు కొడుతూ ఉండాలి. పూలు, ఆముదం, తేనె, ఏవీ కంట్లోకి పోకూడదు.

బయటికొచ్చాక ఎస్తర్ రాణి అంది. "ఈ సంగతే డాక్టరమ్మ చేత ఒక కాయితం మీద రాయించుకుందాం నాన్నా. కూడికలో చూపిద్దాం."

"నాను ఏడవనేదని నా నోటితో సెప్పినాను. దానికింక కాయితమెందుకు?"

"నమ్మట్లేదు గదా."

"నమ్మకపోతే పోనీ. నా మాటకి డాక్టరు జామీను ఉండాలేటి?"

మన్మథరావు గారు కళ్లద్దాలు చూసి, "ఏటి వరదానం, కాలేజీలో చేరావా?" అన్నారు గానీ బట్టీ దగ్గర చూసే పని కుర్రవాళ్లకు పంచి అతన్ని పిండి వైపు మార్చారు. వరదానం వేణ్ణీళ్ల గుడ్డ ఒక్క పూట కూడా మానలేదు. బుల్లమ్మ గోడ మీంచి చూసి, "మా ఆయన బతికున్న రోజుల్లో నాకు కూడా ఇంత సేవ చెయ్యనేదు" అనేది. నాలుగైదు రోజులకేమీ తెలియలేదు. తర్వాత తర్వాత ఇసుక పలచబడింది. ఒకనాడు పొద్దున్న లేస్తే రెప్పలు అంటుకోకుండా తెరుచుకున్నాయి. పిండి కలుపుతూ కలుపుతూ తనకు కళ్లున్న సంగతే మర్చిపోయాడు. మనిషికి అంతకంటే ఏం కావాలి?

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం సమాధుల తోట మీదుగా వెళ్తుంటే శ్యాంబాబు ఇద్దరు కూలీలతో కొలతలు వేయిస్తున్నాడు. మూడో వరసలో, కరుణకుమారి తలవైపు, ఒక ఇనప గూటం దిగేసి ఉంది. వరదానం తిన్నగా వెళ్లి దాన్ని అటూ ఇటూ ఊపి పీకాడు. పక్కదీ పీకాడు. రెండూ తెచ్చి బావమరిది కాళ్లముందు పడేశాడు.

"కూడిక అవ్వనేదు," అన్నాడు.

"కూడికకేముంది బావా, ఊరికే పేరుకి. నువ్వు ఏడిసినావు, నాను చెయ్యిచ్చాను, నువ్వు పట్టుకున్నావు. అయిపోనాది."

"కళ్లు ఎండిపోతే నీళ్లొస్తాయంట. డాక్టరమ్మ సెప్పింది."

శ్యాంబాబు కూలీల వైపు తిరిగాడు. "ఇన్నార్రా? సెరువు ఎండిపోతే వరదొస్తాదంట!" కూలీలు పళ్లికిలించారు. అతను మళ్లీ ఇటు తిరిగినప్పుడు ముఖంలో నవ్వు లేదు. "మా అక్క పోయిన్నాడు శవప్పెట్టి కిందికి దించుతుంటే నీ కంట ఒక్క సుక్క రానేదు. నాను సూసినాను. అందరూ సూసినారు. అలాంటోడివి, ఇప్పుడు ఆవిడ మన్ను మీద పేమ ఒలకబోస్తన్నావు."

 ఆనాడు వరదానం కళ్లు బొగ్గు కణికల్లా భగభగమన్నాయి. లోపల మనిషి ముక్కలవుతుంటే బయటికి ఒక్క చుక్క కూడా రాలేదు. రావాల్సిన రోజున రాకపోవడం, అక్కర్లేని రోజున కారిపోవడం. ఈ కళ్లతో అతనికి ఎప్పుడూ పేచీయే. అయితే ఆ సంగతి వీడికి చెప్పి వీడి చేత అయ్యో అనిపించుకోవడం అతని వల్ల కాదు.

"గూటాలు మళ్లీ పాతితే మళ్లీ పీకుతాను," అని మాత్రం అన్నాడు.

కూడిక నాడు అతను ఇంట్లో రెప్పల మీద వేణ్ణీళ్ల గుడ్డ వేసుకుని, చుక్కలు వేసుకుని, సీసా జేబులో పెట్టుకుని బయల్దేరాడు. ఎస్తర్ రాణి వెంట వచ్చింది. చర్చి నిండిపోయింది. ఉక్కకు జనం విసనకర్రలాడిస్తున్నారు. పెద్దల కోసం ముందు వరసలో కుర్చీలు వేసి, వరదానానికీ ఒకటి వేశారు, గౌరవంగానే. ఆ కుర్చీకి సరిగ్గా ఎదురుగా అదే ఫేను, అదే బిగుసుకుపోయిన తల.

"నాన్నా, కుర్చీ మార్చుకో," అని వెనకనుంచి గొణిగింది కూతురు.

అతను మార్చుకుందామనే లేవబోయాడు. అప్పటికే శ్యాంబాబు అతని వైపే చూస్తున్నాడు. లేస్తే జడిసి పారిపోయాడంటారు. జేబులోంచి సీసా తీసి చుక్కలు వేసుకుంటే, ఏడుపు దాచుకోడానికి ఎత్తు అంటారు. వరదానం కూర్చున్నచోటే కూర్చున్నాడు.

అయ్యగారు ప్రార్థన చేసి, చర్చి అవసరాలు, బడి పైకప్పు, దుకాణాల సంగతి నిదానంగా వివరించారు. ఆయన మంచివారే. వివరణ అయ్యేసరికి వరదానం కళ్లలో మొదట చురుకు, తర్వాత మంట, ఆ తర్వాత నీళ్లు. ఎడమ చెంప మీదుగా ఒక చార జారింది.

"స్తోత్రం," అంది ఒక గొంతు.

"సూడండి," అన్నాడు శ్యాంబాబు లేచి. "దేవుడు రెండోసారి కూడా సాక్ష్యమిచ్చాడు. రా బావా." కుడిచెయ్యి చాచి ముందుకొచ్చాడు.

వరదానం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు తుడుచుకోలేదు.

"నీ కళ్లు బాగున్నాయా శ్యాంబాబూ?"

"నాకేటి? భేషుగ్గా ఉన్నాయి."

"అయితే నా కుర్చీలో కూకో. ఫేను ఎదర. రెప్ప కొట్టకుండా ఉండు. అంతే."

"ఇది కూడికా, తీర్థంలో తమాషానా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"భయమైతే వద్దు," అన్నాడు వరదానం.

ఆ మాట పని చేసింది. శ్యాంబాబు పంచె సర్దుకుని కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "సాయంత్రం దాకా కూకుంటాను. అయ్యగారూ, మీరే చూడండి."

అయ్యగారు కాదనబోయి, జనం ముఖాలు చూసి ఊరుకున్నారు. వెనక వరసలవాళ్లు లేచి నిలబడ్డారు. శ్యాంబాబు కళ్లు పత్తికాయల్లా విప్పి ఫేను వైపు చూస్తున్నాడు.

"కొట్టీసాడు, రెప్ప కొట్టీసాడు!" అంది ఒకావిడ.

"కొట్టనేదు!"

"మాటాడకు, మాటాడితే కొట్టీస్తావు," అంది ఇంకొకావిడ. "గుడ్లు ఎర్రబడిపోతన్నాయర్రా."

శ్యాంబాబు పళ్లు బిగించాడు. గడ్డం వణికింది. ముక్కు ఎగబీల్చాడు. ఇంకాస్త ఓర్చాడు. పట్టుదల ఉన్న మనిషే, కాదనకూడదు. చివరికి రెండు కళ్లూ ఒక్కసారే నిండి, నీళ్లు పొంగి మీసాల మీదికి జారాయి.

 ఆడవాళ్ల వైపు నుంచి అలవాటు కొద్దీ ఎవరో "స్తోత్రం" అనేశారు.

అంతే, జనం విరగబడి నవ్వారు. అయ్యగారు జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యగారూ," అన్నాడు వరదానం. అతని కళ్లు కూడా ఇంకా కారుతూనే ఉన్నాయి. "శ్యాంబాబు ఏడిసేడు. సమాధులు కదపొద్దని ఒప్పుకున్నట్టే గదా?"

"నానేటీ ఒప్పుకోనేదు!" శ్యాంబాబు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "ఇవి గాలికి వచ్చిన నీళ్లు!"

"నావీ గాలికే. నీకు ఇప్పుడొచ్చినాయి, నాకు రోజూ వస్తన్నాయి. అదే తేడా."

అయ్యగారు లేచి వెళ్లి ఫేను ఆపారు. నవ్వులు సద్దుమణిగాయి. "వరదానం గారూ," అన్నారు ఆయన, "మీ కళ్లను మేం పొరపాటుగా చదివాం. మీ నోటితో చెప్పండి. ఎందుకు వద్దంటున్నారు?"

వరదానం జీవితంలో అంత పొడుగు మాట ఎన్నడూ మాట్లాడలేదు. 

"ఆ మూడు వరసల్లో ఎవులున్నారండీ? బండి లాగినోలు, అంట్లు తోమినోలు, బట్టీ ముందు మాడినోలు. సగం సమాధులకి సిమెంటు కూడా నేదు. లోపలి వైపు దొరల సమాధులున్నాయి, హెడ్మాస్టర్లవున్నాయి, పాలరాళ్లున్నాయి. వాటి దగ్గర ఒక్కడు టేపు పట్టుకోనేదు. అద్దె రావాల్సొచ్చేసరికి మావోలే లెగాలి. బతికున్నన్నాళ్లూ పక్కకి జరగండన్నారు, జరిగారు. సచ్చాక కూడా జరగమంటే నాను ఒప్పుకోను. మా ఆవిడ ఒక్కర్తి గురించే కాదు. రోడ్డు పక్క ఉన్నా సరే, దుమ్ము పడినా సరే. అక్కడే ఉంటాది."

 అప్పుడు వెనకనుంచి ముసలి కొండలమ్మ లేచింది. బడి పిల్లలకు వండిపెట్టి బతికిన మనిషి. ఆమె కొడుకు రెండో వరసలో ఉన్నాడు, బావి పనిలో మట్టి కూలి పోయినవాడు.

"నాను కూడా ఏడిసినాను," అంది.

"నువ్వు కిందటేడే ఒప్పుకున్నావు గదా అమ్మా," అన్నాడు శ్యాంబాబు, కళ్లు తుడుచుకుంటూ.

"ఎప్పుడొప్పుకున్నాను? మీరు నలుగురూ కలిసి మా గుంటడి సమాధి దగ్గరికి తీసికెల్లినారు. ఇది తీసీవాలి అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడిసినాను. మీరు చెయ్యిచ్చి ఎలిపోనారు. కొడుకు సమాధి తవ్వుతామంటే తల్లి ఏడవదేటి బాబూ? ఏడిస్తే సరే అన్నట్టా?"

ఆమె గొంతు పెద్దదేం కాదు. అయినా ఆ మాటకు చర్చి గోడలు కూడా తలొంచుకున్నట్టయింది. అయ్యగారు శ్యాంబాబు వైపు చూశారు. శ్యాంబాబు చెప్పుల్లేని తన కాళ్లవైపు చూసుకున్నాడు. ఇంకో మూల నుంచి ఒకడు, "మా నాన్న దగ్గర కూడా అలగే అయ్యింది" అన్నాడు. ఇంకొకావిడ లేచి కొండలమ్మ పక్కకు వెళ్లి నిలబడింది.

అయ్యగారు జనం వైపు తిరిగారు. "ఈరోజు ఏదీ ఖాయం కాదు. ఒక్కో ఇంటికీ నేనే వస్తాను, నోటితో అడుగుతాను, నోటితోనే చెప్పండి. అందాకా సమాధుల తోటలో గూటం పాతడానికి వీల్లేదు. వరదానం గారిని బల్లకు దూరం పెట్టడం కూడా ఇవాళ్టితో సరి."

జనం లేచి గుమ్మం వైపు కదిలారు. వరదానం మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగానే తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి చుక్కలు వేసుకున్నాడు. ఒక కన్ను, రెండో కన్ను. కళ్లు మూసుకుని చల్లదనం పరుచుకునేదాకా కదలకుండా ఉన్నాడు.

శ్యాంబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని కళ్లు ఇంకా జేవురించే ఉన్నాయి.

"బావా, ఇంకా మండతన్నాయి. నాకూ ఓ సుక్క ఎయ్యి."

"ఒకరి సీసా ఒకరు వాడకూడదు. రెప్పలు కొట్టు, తగ్గుద్ది."

శ్యాంబాబు రెప్పలు టపటపా కొట్టాడు. "నాను ఊరుకోను. ఇల్లిల్లూ తిరుగుతాను. అందరినీ ఒప్పించి మళ్లీ కూడిక పెట్టిస్తాను."

"పెట్టించు," అన్నాడు వరదానం, సీసా మూత బిగిస్తూ. "నా కుర్చీ ఫేను ఎదరే ఎయ్యి."

కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, ఎస్తర్ రాణిని పిలిచి, ఎండలోకి నడిచాడు.